ఆరని చెంప

భూపాలపల్లిలో ఉన్న ఉస్తాద్ కూతురి ఇంటికి నేను వెళ్లేసరికి ఆయన పోయిన నలభయ్యో రోజు చేసే ఫాతిహా కూడా అయిపోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది. ఆమె చాయ్ ఇచ్చి, ఆయన చివరి నెలల్లో పడుకున్న మంచం చూపించింది. మంచం పక్కన గోడకు కొత్తగా పెట్టిన పుట్టీ మీద, పడుకున్న మనిషి చెయ్యి అందినంత మేరా గోటి గాట్లు. చిన్న చిన్న నెలవంకల్లా ఉన్నాయి.

"పుట్టీ పెట్టించిన్నాటి సంది గిదే పని చాచా," అంది కూతురు. "గోరు గుచ్చుడు, ఇంకా పచ్చిగనే ఉన్నదనుడు. గోడ ఎప్పుడో ఆరింది అబ్బా అంటే ఇనకపోతుండె. మా ఇంటాయనకు గోడ ఖరాబైతుందని కోపం. ఆఖరికి ఏం చూస్తుండెనో ఏమో."

ఏం చూసేవాడో నాకు తెలుసు. తండ్రి పోయిన పిల్లకు అది చెప్పాలనిపించలేదు. చాయ్ తాగి వచ్చేశాను.

జనగామలో నాది రంగుల దుకాణం. ఫైబర్ పనివాళ్లకు కావలసిన రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, గాజుపీచు కూడా అమ్ముతాను. దుకాణం వెనక రేకుల షెడ్డు ఉస్తాద్‌ది. కూలర్ల డబ్బాలు, ఆటోల పైకప్పులు, బడిపిల్లలు జారే బల్లలు, ఊళ్లకు విగ్రహాలు చేసేవాడు. మూసలో గాజుపీచు పరిచి, దాని మీద రెజిన్ పూస్తూ పోతే, లోపల కలిపిన హార్డ్‌నర్ మందు పనిచేసి అదంతా రాయిలా బిగుసుకుంటుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఒక జీవితం కావాలని ఆయన అనేవాడు. నాకు మాత్రం తూచడానికి ఒక తరాజు, ఒక గడియారం చాలనిపించేది. మా స్నేహమంతా ఈ తగాదాయే.

ఏ వస్తువు కనబడ్డా ముందు దాని మీద బొటనవేలి గోరు గుచ్చి చూసేవాడు. మూసలోని రెజిన్ మీద గుచ్చడం పని. కానీ ఆయన బొప్పాయి మీద, చాయ్ హోటల్ కొత్త బల్ల మీద, ఒకసారి నా దుకాణంలో ఓటడగడానికి వచ్చిన పెద్దమనిషి బెల్టు మీద కూడా గుచ్చాడు. "గోరు దిగితే పచ్చి. దిగకుంటే పక్కా," అనేవాడు. ఆ పెద్దమనిషి వెళ్లాక, "బెల్టు పక్కానే సేట్. మనిషే పచ్చి," అన్నాడు.

చొక్కా మీద రెజిన్ పడి, ఎండి, గట్టిపడి ఉండేది. విప్పి కింద పెడితే అది పడిపోకుండా మనిషిలా కూర్చునేది. వచ్చిపోయేవాళ్లు ఆ చొక్కాకు సలాం కొట్టి నవ్వుకునేవాళ్లు. గడ్డం కొసలు కూడా అలాగే బిరుసు. చేతుల వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఎర్రగా పగిలి ఉండేది. హార్డ్‌నర్ సరిపడని చర్మానికి అలా అవుతుందని డబ్బా మీదే రాసి ఉంటుంది. చేతితొడుగులు ఇస్తే తీసుకుని మేకుకు తగిలించేవాడు. "తొడుగులేసుకొని పెండ్లాం చెయ్యి పడ్తరా?" అనేవాడు.

రెజిన్ చిక్కదనం చూడటానికి ఆయనకో పద్ధతి ఉండేది. కట్టెను ముంచి తల ఎత్తున పట్టుకునేవాడు. ధార దిగి, సన్నబడి, తెగేది. తెగిన కొస వెనక్కి కట్టె వైపు లాక్కుపోతే సరే అనేవాడు. తెగకుండా కారుతూనే ఉంటే తల అడ్డంగా ఊపేవాడు. "పల్చగైంది. నిలువు గోడకు నిలువది, జారి అడుగుకు పోతది."

ఈ చూపు ఆయనకు తండ్రి దగ్గర అబ్బింది. తండ్రి మొగుళ్లపల్లి వైపు జాతరల్లో జిలేబి పోసేవాడట. పాకం కడాయి దగ్గర కూర్చుని ఉస్తాద్ తీగ చూడటం నేర్చుకున్నాడు. ఒకసారి చెప్పాను: "ఉస్తాద్, పాకం మంట మీద చిక్కబడుతుంది. రెజిన్ వేడికి పల్చబడుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?"

"రెండూ చెయ్యి కాలుస్తయి గద సేట్. గక్కడ సమానమే," అన్నాడు.

నన్ను 'తరాజు సేట్' అని పిలిచేవాడు. అందులో గౌరవం ఏమీ లేదు.

తొందరపెట్టేవాళ్లంటే ఆయనకు మంట. "జల్ది కావాల్నా? గా పాన్‌డబ్బా కాడికి పో. జల్ది ఏదన్న దొరికేది గక్కన్నే," అని గిరాకీని బయటికి పంపేవాడు. పంపినవాళ్లు తిరిగి వచ్చేవాళ్లు, ఎందుకంటే ఆయన పోసిన కూలర్ డబ్బా పగలదు. ఇంత నోటి దురుసు మనిషిని జనం ఎందుకు భరించారంటే కారణం అదొక్కటే.

ప్రత్యేక రాష్ట్రం ఇస్తానని ఢిల్లీ చెప్పి, మళ్లీ ఆగిపోయిన రోజులవి. నిరసనగా హైవే మీద వంటావార్పు జరిగితే, ఉస్తాద్ ఎవరూ అడగకుండానే పొయ్యి పెట్టి జిలేబి పోశాడు. తండ్రి పనిని ఆయన ముట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే. రోడ్డు మీద కూర్చున్న జనం ఆకుల్లో పెట్టుకుని తిన్నారు. ఆయన మాత్రం నోట్లో పెట్టుకోలేదు.

"తినవా?" అన్నాను.

"రాష్ట్రం వచ్చిన్నాడు మళ్ల పోస్త. గప్పుడు తింట," అన్నాడు.

ఆ చలికాలంలోనే ఆ తల్లి వచ్చింది. పెద్దవంగర దగ్గరి ఊరు ఆమెది. పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి. ఉన్న ఒక్క కొడుకు డిగ్రీ చదువుతూ, రాష్ట్రం రాదేమోనని ప్రాణం తీసుకుని ఏడాది కావస్తోంది. ఊరి కమిటీ అధ్యక్షుడు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, గట్టి గొంతు. సంవత్సరీకం నాటికి కూడలిలో విగ్రహం పెడతామన్నాడు. ఆమె చేతిలో పిల్లవాడి హాల్‌టికెట్ ఫోటో ఉంది, బొటనవేలంత. అందులో నవ్వు లేదు. హాల్‌టికెట్ ఫోటోలో ఎవరు నవ్వుతారు?

రెజిన్ డ్రమ్ము మీద కూర్చోబోయిన ఆమెను ఉస్తాద్ ఆపాడు. "నక్కో మా. గది చేతులకు, బట్టలకు అంటుతది. గీ కుర్సీల కూసో." ఆ షెడ్డులో కుర్చీ ఒకటే ఉండేది. అందులో ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదని రూలు.

"సాయిబన్నా, చెంప మీద గీడ పుట్టుమచ్చ ఉంటది. ఫోటోల రాలే," అందామె.

మట్టితో ముఖం చేస్తున్న రోజుల్లో ఆమె బస్సెక్కి వచ్చి చూసేది. ముక్కు ఇంత లావు లేదనేది. చెవులు ఇంకొంచెం బయటికనేది. ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఆయన మట్టి గీకేవాడు. ఒకరోజు ఆమె ఏమీ అనలేదు. చాలాసేపు చూసి, మట్టి చెంప మీద తన వేలు పెట్టింది. ఆ వేలు తీసిన చోటే ఆయన పుట్టుమచ్చ పెట్టాడు. ఆ తర్వాత ఆ మట్టి ముఖం నుంచి మూస తీశాడు.

అప్పుడు బంద్‌లు. లారీలు కదలలేదు. ఆయన ఎప్పుడూ వాడే పాలిస్టర్ రెజిన్ నా దగ్గర అయిపోయింది. మిగిలింది ఎపాక్సీ. అది ఇంకా గట్టిది, ఇంకా మంచిది, కానీ దాని నడత వేరు. పాలిస్టర్‌లో మందు పొయ్యిలో కట్టె లాంటిది. కాస్త ఎక్కువ పెడితే కాస్త తొందరగా గట్టిపడుతుంది. మా ప్రాంతంలో ఫైబర్ పని నేర్చుకున్న వాళ్లందరూ దాని మీదే నేర్చుకున్నారు. తొందరగా కావాలంటే ఇంకో మూత వెయ్యి అనేది వాళ్లకు వేదం. ఎపాక్సీలో అలా కుదరదు. పదికి ఒకటి అంటే ఒకటే. ఆ సంగతి ఆయనకు చెప్పి మరీ డబ్బా ఇచ్చాను.

"రెజిన్ రెజినే సేట్," అంటూ తీసుకుపోయాడు.

వారం గడువుందనుకున్న పని మీద పిడుగు పడింది. అధ్యక్షుడు పొద్దున్నే మోటార్ సైకిల్ మీద వచ్చాడు.

"ఉస్తాద్, హైదరాబాద్ నుంచి పెద్దాయన వస్తుండు. కార్యక్రమం ఎల్లుండికి మారింది."

"సంవత్సరీకం ఎల్లుండి కాదు గద."

"సంవత్సరీకం ఏడికి పోతది? పెద్దాయనకు మళ్ల దినం దొరకది. టీవీలోళ్లు సుత వస్తుండ్రు."

"చలి పెడ్తుంది భాయ్. చలికి రెజిన్ గడ్డ నెయ్యి తీర్గ ఉన్నది. పోసినంక ఆరనీకి దినాలు పడ్తయి. పచ్చి మీద తియ్యొద్దు."

"ఉద్యమం నీ రెజిన్ కోసం ఆగుతదా? ఆ తల్లికి నేనేం చెప్పాలె, సాయిబు చెయ్యలేదని చెప్పాల్నా?"

జల్దీ కావాలన్నవాళ్లను పాన్‌డబ్బాకు పంపే మనిషి. ఆ రోజు పంపలేదు. తల్లి మాట ఎత్తేసరికి తల వంచి షెడ్డులోకి పోయాడు.

నేను మధ్యాహ్నం వెళ్లేసరికి పని అయిపోయింది. రెజిన్ చిక్కగా ఉందని డబ్బాను మరుగుతున్న నీళ్లలో పెట్టాడు. అది పల్చబడింది, మరీ పల్చబడింది. మూసలో ముఖం బోర్లా ఉంటుంది. ముక్కు, చెంపలు అడుగున ఉంటాయి. పల్చటి రెజిన్ జారి అక్కడే మడుగు కట్టింది. హార్డ్‌నర్ కొలవడానికి ఆయన వాడేది ఒక చాయ్ గ్లాసు. అది పక్కన ఖాళీగా ఉంది.

"పొద్దుగాల్లకు బండ అయితది," అన్నాడు. "ఇంకో గ్లాసు ఎక్కువేసిన."

ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి. కోలాటం గుర్తొచ్చింది. "ఉస్తాద్, కోలాటంలో ప్రతివాడికీ ఎదురుగా జోడీ ఉండాలి. రెజిన్‌కు, మందుకు అదే లెక్క. మందు ఎక్కువైతే మిగిలిన వాళ్లకు కోల కొట్టడానికి జోడీ దొరకదు. వాళ్లు ఊరికే మధ్యలో తిరుగుతూ ఉంటారు. ఆట కుదరదు."

"ఎన్ని దినాలు తిరుగుతరు?"

"ఎప్పటికీ."

ఆయన మూస వైపు చూశాడు. "మరి ఎట్ల?"

"ఇది పారేసి మళ్లీ పోయాలి."

తెల్లవారి మూస విప్పి గోరు గుచ్చాడు. చెంప మీద నెలవంక పడింది. అధ్యక్షుడు వస్తే అది చూపించి, "పచ్చి ఉన్నది. నాలుగు దినాలు ఆగుండ్రి, మళ్ల పోస్త," అన్నాడు. అధ్యక్షుడు పిడికిలితో విగ్రహం భుజం మీద కొట్టాడు. అది చప్పుడు చేసింది. "గట్టిగనే ఉంది గద. నీకన్న గట్టిగుంది," అన్నాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. గాటు పూడ్చి, బంగారు రంగు కొట్టించి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోయారు. వెనక పరుగెడుతూ ఉస్తాద్ అరిచాడు: "కార్యం కాంగనే వాపస్ తెండ్రి! కొత్తది పోసిస్త!" డప్పుల్లో ఎవరూ వినలేదు. వినపడ్డా తేరు.

విగ్రహావిష్కరణకు ఆయన పోలేదు. ఎండాకాలమంతా విగ్రహం ముఖానికి దుమ్ము అతుక్కుందని బస్సు డ్రైవర్లు చెప్పారు. తొలకరి వానలకు గాలిలో తేమ ఎక్కింది. లోపల జోడీ దొరకని హార్డ్‌నర్ చెంపల మీద నూనె చెమటలా పైకి ఉబికింది. బంగారు రంగును చీల్చుకుని, కళ్ల కింది నుంచి గడ్డం దాకా చారలు కట్టింది.

విగ్రహం ఏడుస్తోందని ఊరు ఊరంతా పోగైంది. ఆ తర్వాత మండలం, ఆ తర్వాత బస్సులు.

నా స్కూటర్ మీద ఇద్దరం వెళ్లాం. కూడలిలో కొబ్బరికాయలు కొడుతున్నారు. అధ్యక్షుడు మైకులో ఉన్నాడు: "మన బిడ్డ ఏడుస్తుండు! చచ్చినోడు సుత ఏడుస్తుండు! ఢిల్లీకి వినపడ్తలేదా?" జనం హోరెత్తారు. గద్దె మీద ఆ తల్లి నిలబడి, కొంగుతో ఆ చెంపలు తుడుస్తోంది. తుడిచిన చోట కాసేపటికి మళ్లీ మెరుస్తోంది.

మైకు ఆగాక ఉస్తాద్ అధ్యక్షుడిని పక్కకు పిలిచాడు.

"గది ఏడ్పు కాదు భాయ్. నేనేసిన హార్డ్‌నర్ చెమట. తప్పు నాదే. మైకియ్యి, నేనే చెప్త."

అధ్యక్షుడు నవ్వుతూనే ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "తప్పా? ఏం తప్పు? మేం ఏడాది సంది టెంట్ల కూసుంటె రాని జనం, గీ బొమ్మ తోని వచ్చిండ్రు. గీ మాట గీడనే మింగు."

"ఆ తల్లి తుడుస్తుంది. చేతులకు మంచిది కాదు."

"తల్లి తుడవనీకి నువ్వెవలు అడ్డం? చూడు ఉస్తాద్, గీ జనంల నిలబడి బిడ్డ ఏడుస్తలేడని అంటె ద్రోహి అంటరు. అందుల నువ్వు సాయిబువి. జనాన్ని ఆపుదామన్నా నాతోని కాదు. జర సోంచాయించు."

వంటావార్పు నాడు ఇదే మనిషి ఆయన పోసిన జిలేబి రెండోసారి అడిగి తిన్నాడు. నాకు బాగా గుర్తు. ఆకు మడిచి పక్కన పడేస్తూ, "సాయిబు అయితేంది, మనోడు," అన్నాడు.

ఉస్తాద్ ఆ తల్లి వైపు రెండడుగులు వేశాడు. జనం దారివ్వలేదు. నిలబడ్డాడు. వెనక్కి తిరిగాడు. నోరు మూయడం ఎరగని మనిషి ఆ రోజు మూశాడు. ఆ మూయడాన్ని జనం ఉద్యమ క్రమశిక్షణ అనుకొని ఉంటారు.

తర్వాతి వారం నా దుకాణంలో చిన్న తరాజు కొన్నాడు. అప్పటి నుంచి ప్రతి బొట్టూ తూచి కలిపాడు. కట్టె ఎత్తి ధార చూడటం మానేశాడు. మా తగాదాలో నేను గెలిచినట్టే. అలాంటి గెలుపు శత్రువుకు కూడా వద్దు.

రాష్ట్రం వచ్చింది. జనగామ చౌరస్తాలో గులాల్ చల్లుకున్నారు. కుర్రాళ్లు షెడ్డు ముందుకు వచ్చి, "ఉస్తాద్, జిలేబి ఏదీ?" అని అరిచారు. "కడాయికి చిల్లు పడ్డది," అని తలుపు దగ్గరికి వేశాడు. కడాయికి చిల్లు లేదు. నేను చూశాను.

రాష్ట్రం తర్వాత జిల్లాలు కూడా వచ్చాయి. ఆ విగ్రహం ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, మాది జనగామ జిల్లా, ఆయన కన్నుమూసింది భూపాలపల్లి జిల్లా. అప్పట్లో అంతా ఒకే వరంగల్ జిల్లా. లెక్కకు అన్నీ పెరిగాయి.

అధ్యక్షుడు ఈసారి జీపులో వచ్చాడు. ఇప్పుడాయనకు ఏదో పదవి ఉంది. ఏ పదవో నేను అడగలేదు. వానాకాలం మొదలైంది. విగ్రహం మామూలుగానే ఏడుస్తోంది.

"ఇప్పుడేడ్పేంది ఉస్తాద్? రాష్ట్రమొచ్చె, మనోళ్లే రాజ్యమేలవట్టె. వచ్చినోళ్లంత ఇంకా ఎందుకు ఏడుస్తుండని అడుగుతుండ్రు. ప్రతిపక్షపోళ్లు ఫోటోలు తీసుకపోతుండ్రు. ఇజ్జత్ పోతుంది. కొత్తది చెయ్యి. నవ్వుతున్నట్టు చెయ్యి."

"ఆమెనడిగినవా?"

"ఎవల్ని?"

"తల్లిని."

"ఆమెనేం అడుగుతరు? అన్ని మనమే చూస్తున్నం గద."

ఉస్తాద్ తన కుర్చీలో కూర్చున్నాడు. అధ్యక్షుడిని కూర్చోమనలేదు. "పొల్లగాడు నవ్వంగ నేను చూడలే. ఫోటోల సుత నవ్వు లేదు. లేని నవ్వు నాతోని కాదు."

"నీతోని కాకుంటే సిమెంటోళ్లు లేరా?"

ఉన్నారు. సిమెంటు విగ్రహం నవ్వుతూ వచ్చింది. దాని చెంప మీద పుట్టుమచ్చ లేదు. పాతదాన్ని పంచాయతీ ఆఫీసు వెనక, విరిగిన బెంచీల మీద పడేశారని, తల్లి ఎడ్లబండి మాట్లాడుకుని ఇంటికి తీసుకుపోయిందని విన్నాం.

"పోదాం పా సేట్," అన్నాడు ఉస్తాద్. "ఇప్పుడు నన్ను ఆపేటోడు లేడు. అది తెచ్చి, మంచిగ తూచి, కొత్తది పోసిస్త." మేకుకు ఏళ్లుగా వేలాడుతున్న చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె ఇంటి ముందు రేకు పందిరి కింద విగ్రహం ఉంది. మూపులు గోడకు ఆనించి, కింద గోనెసంచి పరిచింది. రంగు మొత్తం పోయి రెజిన్ తేనె రంగులో బయటపడింది. ఆమె చెంబులో నీళ్లు తెచ్చి ఇచ్చింది. చెంబు అందుకోబోయి ఉస్తాద్ ఆగిపోయాడు. ఆమె కుడి అరచెయ్యి చూస్తున్నాడు. తోలు లేచి, వేళ్ల సందుల్లో ఎర్రగా పగిలి ఉంది. ఎడమ చెయ్యి మామూలుగా ఉంది.

"గిదేందమ్మా?"

"పత్తి మందు పడ్తలేదంటుండ్రు దవాఖాన్ల. పూసుకోనీకి మలాం రాసిండ్రు, తక్కువైతలేదు. కూలికి పోకుంటె ఎట్లన్నా?"

ఆయన తన చేతులు ఆమె ముందు చాపాడు. వేళ్ల సందుల్లో అవే పగుళ్లు. ఆమె ఆ చేతులు, తన చెయ్యి మార్చి మార్చి చూసింది.

"పత్తి మందు కాదు. నేనేసిన మందు," అన్నాడు. "వాడు ఏడుస్తలేడమ్మా. ఎన్నడూ ఏడ్వలే. నా చేతిల మందు ఎక్కువ పడ్డది. గదే కారుతుంది. గప్పుడే చెప్దామని వచ్చిన. చెప్పనియ్యలే. కాదు. చెప్పలే."

నేను నేల వైపు చూస్తున్నాను. ఆమె గొంతు మామూలుగానే వినిపించింది.

"ఏడ్పు కాదని నాకెర్కనే అన్నా. మావోడు చిన్నప్పటి సంది ఏడ్చే పొల్లగాడు కాదు. దెబ్బ తాకినా ఏడ్వకపోతుండె. మనసుల మాట ఒక్కటి ఏడ్చి చెప్పి ఉంటె గింత దూరం వచ్చునా?"

"మరి దినాం ఎందుకు తుడిచినవ్?"

"అందరు మొక్కిండ్రు. తుడిచేటోళ్లు ఎవలున్నరు? మొహం జిడ్డుగుంటె తల్లి చూసుకుంట కూసుంటదా?"

ఉస్తాద్ విగ్రహం ముందు గొంతుక్కూర్చున్నాడు. "నాకియ్యమ్మా. కొత్తది తెస్త. ఇగ చెమట రాదు, మొహం జిడ్డు కాదు. బండ లెక్క గట్టిగుంటది."

"తుడిచే పని ఉండదా?"

"ఉండదు."

ఆమె కొంగు కొస తీసి విగ్రహం చెంప మీద పెట్టింది. పుట్టుమచ్చ చుట్టూ గుండ్రంగా తుడిచింది. "గట్లయితె నాకొద్దన్నా," అంది.

ఆయన జేబులోంచి తొడుగులు తీశాడు. "కనీసం గివన్న ఏసుకో."

వాటిని చూసి ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది. "గివేసుకొని కొడుకు మొహం తుడుస్తరా ఏందన్నా!"

తొడుగులు మళ్లీ జేబులోకి వెళ్లాయి. లేచే ముందు ఆయన బొటనవేలు విగ్రహం చెంప దాకా పోయింది. గోరు గుచ్చలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిరుగు దారిలో దేవరుప్పుల దగ్గర చాయ్‌కి ఆగాం. హోటల్ టీవీలో ఎవరో రాష్ట్రం సాధించిన సంగతి చెబుతున్నారు. ఉస్తాద్ చాయ్ తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని, మీగడ కట్టేదాకా దాని వైపే చూశాడు. తర్వాత చాయ్ మొత్తం మోరీలో పారబోసి, ఖాళీ గ్లాసును బల్ల మీద నా ముందు పెట్టాడు.

"గింతే సేట్," అన్నాడు. "గింతే ఎక్కువేసిన."